మామిడి సొన అనుకున్నాం, బీపీ మాత్ర అని తేలింది

ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. కారణం సిగ్గు. ఇందులో పొరబడినవాళ్ళలో నేనూ ఉన్నాను, నిజం చెప్పాలంటే ముందు వరసలో ఉన్నాను. చిత్తూరులో జనరల్ మెడిసిన్ చూస్తాను, చిన్న క్లినిక్, నాలుగు మంచాలు. పేషెంటు ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటి దగ్గర ఆవులు చూసుకుంటుంది, మామిడి సీజన్ వస్తే పల్ప్ ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు ఏరి కడిగే పనికి పోతుంది. బీపీకి ఆరేళ్లుగా రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి. షుగర్‌కు నాలుగేళ్లుగా మెట్‌ఫార్మిన్. ఏప్రిల్‌లో చేసిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే చాలదని విల్డాగ్లిప్టిన్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు చేర్చాను. ఎందుకంటే అది వేస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోదు, బరువు పెరగదు. పైగా 2019 డిసెంబరులో పేటెంట్ తీరిపోయాక దాని ధర బాగా దిగింది, పల్లె నుంచి వచ్చేవాళ్ళు కూడా కొనగలుగుతున్నారు. ఇక్కడి వరకు నా లెక్కలో తప్పేమీ కనబడలేదు.

నా చీటీల్లోనే ఇంకో మాట రెండేళ్లుగా పడి ఉంది: "పొడి దగ్గు, రాత్రిపూట ఎక్కువ." దానికి ఒకసారి సిరప్ రాశాను, ఒకసారి అలర్జీ, ఆయాసాలకు వాడే మాంటెలుకాస్ట్ రాశాను, ఒకసారి ఎక్స్‌రే తీయించాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. "ఆవుల పాకలో దుమ్ము" అని నా చేత్తో నేనే రాసి వదిలేశాను. ఈ దగ్గు సంగతి గుర్తు పెట్టుకోండి.

మొదటి రెండు సార్లు

జూన్‌లో ఒకరోజు పొద్దున లేచేసరికి కింది పెదవి వాచి ఉంది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఏవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) ఇంజెక్షన్లు వేయించుకుంది. మర్నాడు సాయంత్రానికి తగ్గిపోయింది. ఇంజెక్షన్ పని చేసిందని అందరూ అనుకున్నారు. అనుకోవడం సహజమే, ఇంజెక్షన్ వేశారు, వాపు దిగింది. అసలు ఏమీ వేయకపోయినా అది అప్పటికే దిగేదని ఎవరికి తోస్తుంది?

పన్నెండు రోజుల తర్వాత ఈసారి పై పెదవి, ఎడమ చెంప. నా దగ్గరికి వచ్చింది, వెంట కొడుకు.

"మామిడి సొన పడిందేమో అనుకుంటిమి సార్. ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కాయల్లోనే కదా చేతులు."

నాకూ అదే సరిపోయినట్టనిపించింది. మా జిల్లాలో జూన్, జూలైల్లో చర్మం మీద సొన కాలిన మచ్చలతో వచ్చేవాళ్ళు కొదవ లేదు. మామిడి సొనలో ఉండే రసాయనం జీడిగింజ తొక్కలో ఉండేదానికి దగ్గరి చుట్టం, పడినచోట ఒకటి రెండు రోజులకు ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, నీటి పొక్కులు లేస్తాయి. అలర్జీకి సెట్రిజిన్, ఐదు రోజులకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాసి, పది రోజులు ఫ్యాక్టరీకి పోవద్దన్నాను. సీజన్ మధ్యలో పది రోజుల కూలి పోవడమంటే ఏమిటో నాకు తెలుసు, అయినా అన్నాను. ఆమె తనంతట తానే వంకాయ, గుడ్డు, గోంగూర కూడా మానేసింది.

ఇక్కడ ఆగి నన్ను నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగలేదు. చెంప మీద చెయ్యి పెట్టి చూశాను. చర్మం రంగు మామూలుగానే ఉంది. ఎర్రదనం లేదు, పొక్కు లేదు, వేడి లేదు. గిచ్చినట్టు పట్టుకుంటే లోపల మెత్తగా, బిగుతుగా, పిండి నింపినట్టుంది. "దురద ఉందా అమ్మా?" అంటే "దురదేం లేదు సార్, బిర్రుగా లాగుతాంది, అంతే" అంది. ఆ మాట చీటీలో రాశాను కూడా. రాసి, కింద సెట్రిజిన్ రాశాను.

మూడోసారి, రాత్రి పది గంటలకు

మందులు మొదలుపెట్టిన నాలుగో రోజు. ప్రెడ్నిసొలోన్ ఇంకా వేసుకుంటూనే ఉంది, ఫ్యాక్టరీకి పోలేదు, మామిడికాయ ముట్టలేదు. రాత్రి కొడుకు బైకు మీద, వెనక కోడలు పట్టుకుని కూర్చుంటే తీసుకొచ్చారు. నోరు మూతపడటం లేదు. నాలుక సగానికి పైగా వాచి, పళ్ళ గుర్తులు అంచున అచ్చుపడి ఉన్నాయి. చొంగ కారుతోంది, చీర కొంగు తడిసిపోయింది. గొంతు మారింది, వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. ఆక్సిజన్ 97, బీపీ 150/90, ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు లేవు, ఒంటి మీద ఒక్క దద్దురూ లేదు.

మొదటి నిర్ణయం: అడ్రినలిన్ ఇవ్వాలా? ఇది మామూలు అలర్జీ కాదేమోనన్న అనుమానం అప్పటికే మొదలైంది. బీపీ పడలేదు, దురద లేదు, స్టెరాయిడ్ మీద ఉండగా వచ్చింది. కానీ నాలుక వాచిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అనుమానాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఒళ్ళంతా ఒక్కసారిగా కమ్మే ప్రాణాంతక అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్, అయి ఉండి ఇవ్వకపోతే ప్రాణం పోతుంది, కాకపోయి ఇస్తే గుండె కాసేపు దడదడలాడుతుంది. తొడలోకి 0.5 మిల్లీగ్రాములు ఇచ్చాను. ఏవిల్, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ కూడా. ఇరవై నిమిషాలు గడిచాయి. గుండె దడ వచ్చింది, నాలుక ఉన్నచోటే ఉంది. రెండోసారి ఇచ్చాను. అదే పరిస్థితి.

ఆ ఇరవై నిమిషాల్లోనే కోడలిని "మాత్రల కవర్ తెచ్చినారా?" అని అడిగాను. తెచ్చింది. మెడికల్ షాపు వాళ్ళ ప్లాస్టిక్ కవర్లో ఐదు స్ట్రిప్పులు. రామిప్రిల్. మెట్‌ఫార్మిన్. విల్డాగ్లిప్టిన్. నేను రాసిన సెట్రిజిన్, ప్రెడ్నిసొలోన్. టేబుల్ మీద వరసగా పెట్టి చూస్తుంటే చెమట పట్టింది. జూన్ కాబట్టి కాదు.

ఒకే కత్తెర, రెండు పనులు

కొడుకుకి ఆ రాత్రి, తర్వాత ఇంకోసారి తీరిగ్గా, చెప్పింది ఇదే, కాస్త వివరంగా.

మన రక్తనాళాలు ఉత్త గొట్టాలు కావు. లోపలి పొర కణాలు రక్తంలో తిరిగే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కల మాట వింటాయి. ఈ ముక్కల్ని పెప్టైడ్‌లంటారు, అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. యాంజియోటెన్సిన్ 2 అనే గొలుసుకు ఎనిమిది పూసలు. అది నాళాన్ని బిగిస్తుంది, బీపీ పెంచుతుంది. బ్రాడీకైనిన్‌కు తొమ్మిది పూసలు. దాని పని తిరగబడి ఉంటుంది. అది లోపలి పొరకు తగలగానే ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, నాళం చుట్టూ ఉన్న కండరం సడలుతుంది, రక్తం ఎక్కువ పారుతుంది. అంతటితో ఆగదు. సన్న నాళాల్లో కణానికీ కణానికీ మధ్య సందులు తెరుస్తుంది, ఆ సందుల్లోంచి రక్తంలోని నీరు బయటి కండలోకి ఊరుతుంది. పెదవి, నాలుక, గొంతు లాంటి వదులు కండ ఉన్నచోట ఆ ఊట వాపై కనబడుతుంది.

మామూలుగా బ్రాడీకైనిన్ రక్తంలో అర నిమిషం కూడా బతకదు. ఒక్కసారి ఊపిరితిత్తుల్లోంచి వెళ్ళివచ్చేసరికి చాలా భాగం ముక్కలైపోతుంది, ఎందుకంటే అక్కడి నాళాల గోడల నిండా ఏసీఈ అనే ఎంజైము ఉంటుంది. ఇదొక కత్తెర. దీనికి రెండు పనులు: యాంజియోటెన్సిన్ 1ను కత్తిరించి నాళాల్ని బిగించే యాంజియోటెన్సిన్ 2గా మార్చడం, బ్రాడీకైనిన్‌ను కత్తిరించి చంపడం. రామిప్రిల్ ఈ కత్తెరను పట్టేస్తుంది. బిగించేది తగ్గుతుంది, సడలించేది నిలుస్తుంది, బీపీ దిగుతుంది. మందు మంచిదే, కోట్లమంది వేసుకుంటున్నారు. వెయ్యిమందిలో ఒకరి నుంచి ఏడుగురికి మాత్రం బ్రాడీకైనిన్ మితిమీరి ఇలాంటి వాపు వస్తుంది. మామూలు అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ వల్ల వచ్చిన వాపు కాదు కాబట్టి దురదా ఉండదు, దద్దుర్లూ ఉండవు, ఏవిల్‌కూ స్టెరాయిడ్‌కూ లొంగదు.

ఈ మందుల పుట్టుక కథ చెబితే మా పేషెంట్లు నమ్మరు. బ్రాడీకైనిన్‌ను 1949లో బ్రెజిల్ శాస్త్రవేత్త రోషా ఇ సిల్వా, ఆయన తోటివాళ్ళు కనుక్కున్నది జరరాకా అనే పాము విషంతో పని చేస్తుండగా. ఆ విషం కలిపిన రక్తంలో ఈ పదార్థం పుట్టుకొచ్చింది. తర్వాత 1965లో సెర్జియో ఫెరీరా అదే పాము విషంలో బ్రాడీకైనిన్ బలాన్ని పెంచే పెప్టైడ్‌లు ఉన్నాయని చూపించాడు. అవి చేసే పని ఆ కత్తెరను అడ్డుకోవడమే అని తర్వాత తెలిసింది. ఆ దారిలోనే స్క్విబ్ కంపెనీలో కుష్‌మన్, ఒండెట్టి కాప్టోప్రిల్ తయారు చేశారు, 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. రామిప్రిల్, ఎనలాప్రిల్ అన్నీ దాని తమ్ముళ్ళే. పాము కాటేస్తే మనిషి బీపీ పడి కూలిపోవడం మన పొలాల్లోనూ చూస్తుంటాం. ఆ ఎత్తునే మందు చేసి మాత్రలో పెట్టారు.

కొడుకు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను కుదిపింది.

"ఆరేళ్లుగా ఏసుకుంటాంది కదా సార్. ఆరేళ్లు లేంది ఇప్పుడెందుకు వస్తాది?"

ఆరేళ్ల తర్వాత కూడా రావచ్చు, అది ఒక జవాబు. చాలామందికి మొదటి వారాల్లో వస్తుంది, కొందరికి ఏళ్ల తర్వాత. అది చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆమెకు ఏప్రిల్‌లో ఒక మార్పు జరిగింది, చేసింది నేను.

చెరువుకు రెండు తూములున్నాయనుకోండి. ఒకటి మూసేస్తే నీళ్ళు రెండోదాంట్లోంచి పోతాయి, కట్టకు ఏమీ కాదు. రెండోదీ మూస్తే మొరవ పోతుంది. బ్రాడీకైనిన్‌తో పాటు సబ్‌స్టెన్స్ పి అని ఇంకో పెప్టైడ్ ఉంది, పదకొండు పూసలది, అది కూడా నాళాల్ని వెడల్పు చేసి ఊరేలా చేస్తుంది. దాన్ని కత్తిరించేవాటిలో ఏసీఈ ఒకటి, డీపీపీ-4 అనే ఇంకో ఎంజైము ఒకటి. ఏసీఈని రామిప్రిల్ ఆపింది. డీపీపీ-4ను ఆపడమే విల్డాగ్లిప్టిన్ పని, షుగర్ తగ్గించేదే అలా. 2009లో విల్డాగ్లిప్టిన్ పరీక్షలన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. మొత్తం మీద ఈ మందు వల్ల వాపులు పెరగలేదు. ఏసీఈ మందు, అంటే రామిప్రిల్ లాగా ఏసీఈని ఆపే మందు, కూడా వేసుకుంటున్నవాళ్ళలో మాత్రం నాలుగు రెట్లకు పైగా కనిపించాయి. అప్పటికి అది నేను చదివినదే. చదివింది చీటీ రాసేటప్పుడు గుర్తు రాకపోతే చదివినట్టు కాదు.

ఎక్కడికి పంపాలి

ఇది బ్రాడీకైనిన్ వాపే అని మనసులో తేలాక రెండో నిర్ణయం. కొడుకు "తిరుపతికి తీసుకుపోదాం సార్" అన్నాడు. పెద్దాసుపత్రులు అక్కడున్నాయి, నిజమే. కానీ డెబ్బై కిలోమీటర్లు, రాత్రి వేళ, గంటకు తక్కువ పట్టదు. దారిలో గొంతు మూసుకుపోతే అంబులెన్సులో చేయగలిగింది చాలా తక్కువ. ఈ జబ్బులో ప్రాణం తీసేది ఒక్కటే, ఊపిరి దారి మూసుకుపోవడం. కాబట్టి కావాల్సింది పెద్ద ఆసుపత్రి కాదు, గొంతులోకి గొట్టం వేయగల చెయ్యి, అదీ పది నిమిషాల దూరంలో. ఊళ్ళోనే ఐసీయూ, రాత్రి అనస్థీషియా డాక్టరు ఉన్న చోటికి ఫోన్ చేసి, ఆయన వస్తానన్నాకే కదిలించాను. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్ళాం, ఆమెకు అలాగే ఊపిరి సులువుగా ఉంది.

అక్కడ సన్న కెమెరా గొట్టంతో చూశారు. వాపు నాలుకలోనూ, నోటి అడుగునా ఉంది, స్వరపేటిక బాగానే ఉంది. గొట్టం వేయాల్సిన అవసరం పడలేదు, కానీ రాత్రంతా గొట్టం, అవసరమైతే గొంతు ముందు కోసి ఊపిరి దారి తెరిచే సామాను, రెండూ మంచం పక్కనే పెట్టుకున్నాం. మామూలుగా రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము సెలైన్‌లో ఇచ్చారు. బ్రాడీకైనిన్ తయారీని తగ్గించవచ్చన్న ఆలోచనతో ఇస్తారు, ఆధారం బలమైనది కాదు. ప్లాస్మా ఎక్కించడం గురించి మాట్లాడుకున్నాం, అందులో ఆ కత్తెర ఎంజైము ఉంటుంది కాబట్టి తర్కం కుదురుతుంది. కానీ అదే ప్లాస్మాలో బ్రాడీకైనిన్ తయారయ్యే ముడిసరుకు కూడా ఉంటుంది. వాపు పెరగడం లేదు కాబట్టి ఆగాం. బ్రాడీకైనిన్ వాలే చోటును నేరుగా మూసే ఇకాటిబాంట్ అనే ఇంజెక్షన్ ఉంది, మాకు ఆ రాత్రి అందుబాటులో లేదు. ఉన్నా సందేహమే: 2015లో వచ్చిన చిన్న అధ్యయనంలో వాపు త్వరగా తగ్గింది, 2017 నాటి పెద్ద అధ్యయనంలో తేడా కనబడలేదు.

తెల్లవారేసరికి నాలుక పళ్ళ వెనక్కి వెళ్ళింది. ముప్పై ఆరు గంటలకు మామూలుగా అయింది. ట్రానెక్సామిక్ యాసిడ్ వల్ల తగ్గిందా? చెప్పలేను. ఈ వాపు ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతట అదే దిగుతుంది, మొదటిసారి ఆర్ఎంపీ ఇంజెక్షన్‌కు దక్కిన పేరే ఇప్పుడు మా మందుకు దక్కితే న్యాయం కాదు. పని చేసింది ఒకటే, రామిప్రిల్ ఆపడం.

రక్తంలో సీ4 అనే ప్రొటీన్ పరీక్షకు కూడా పంపాం. పుట్టుకతో వచ్చే ఇలాంటి వాపు జబ్బులో అది తక్కువగా ఉంటుంది. ఆమెకు మామూలుగా ఉంది. వాళ్ళింట్లో ఎవరికీ ఇలా వచ్చిన చరిత్ర లేదు.

ఆపిన తర్వాత

రామిప్రిల్ జీవితాంతం వద్దు. విల్డాగ్లిప్టిన్ కూడా ఆపాను. రామిప్రిల్ లేనప్పుడు అది వేసుకోవచ్చు కదా అని ఒక తోటి డాక్టరు అన్నాడు, మాట సబబే. కానీ రెండు మందులు ఒకేసారి ఆపిన మనిషికి వెంటనే ఒకదాన్ని తిరిగి ఇస్తే, మళ్ళీ ఏదైనా వస్తే దేన్ని అనాలో తెలియదు. బీపీకి ఆమ్లోడిపిన్ 5, షుగర్‌కు తక్కువ మోతాదు గ్లిమెపిరైడ్. అన్నం మానొద్దని, పస్తులుండొద్దని కోడలికి రెండుసార్లు చెప్పాను.

తొమ్మిదో రోజున ఫోన్. పెదవి ఒక పక్క మళ్ళీ కాస్త వాచింది. ఇంట్లో ఒకటే టెన్షన్, నాకూ నిజానికి గుండె జారింది, నా లెక్క తప్పిందా అని. మందు ఆపాక కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల పాటు చిన్న చిన్న వాపులు రావచ్చని తెలుసు. తెలిసినా ఆ క్షణాన నమ్మడం కష్టం. రమ్మని, నాలుకా గొంతూ చూసి, నాలుగు గంటలు క్లినిక్‌లో కూర్చోబెట్టి, మందేమీ ఇవ్వకుండా పంపాను. ఏమీ ఇవ్వకపోవడమే ఈ మొత్తం కేసులో నాకు కష్టమైన పని. మర్నాటికి దిగిపోయింది. మళ్ళీ రాలేదు.

మూడో వారంలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు కోడలు అంది, "రాత్రిళ్లు దగ్గడం లేదు సార్ అత్తమ్మ. మేమూ నిద్రపోతా ఉన్నాము." రెండేళ్ల దగ్గు. ఆవుల పాకలో దుమ్ము ఇంకా అక్కడే ఉంది. ఏసీఈ మందు వేసుకునేవాళ్ళలో పొడి దగ్గు చాలా మామూలు విషయం, గొంతులో ఇవే పెప్టైడ్‌లు నిలిచి నరాల్ని గిలిగింత పెడతాయి. దగ్గు ఉన్నవాళ్ళందరికీ నాలుక వాయదు. కానీ ఆ దగ్గప్పుడే మందు మార్చి ఉంటే ఏప్రిల్‌లో నేను మూయడానికి రెండో తూము ఒక్కటే ఉండేది, మొదటిది తెరిచే ఉండేది.

మూత్రంలో కొద్దిగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోంది కాబట్టి కిడ్నీల కోసం ఏదో ఒకటి కావాలి. టెల్మిసార్టాన్ లాంటివి కత్తెర జోలికి పోవు, యాంజియోటెన్సిన్ వాలే చోటును మాత్రం మూస్తాయి, అందుకే వాటితో ఇలాంటి వాపు చాలా అరుదు. అయినా ఏసీఈ మందుతో వాచినవాళ్ళలో నూటికి కొద్దిమందికి వీటితోనూ వచ్చింది. అందుకని మూడు నెలలు ఆగాను, పాత వాపుల కాలం దాటిపోవాలని. తర్వాత 20 మిల్లీగ్రాములతో ఒక సోమవారం పొద్దున క్లినిక్‌లోనే మొదటి మాత్ర వేయించాను. శనివారం సాయంత్రం ఇలాంటివి మొదలుపెట్టకూడదు. పదిహేను రోజులకు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం చూసి 40 చేశాను. ఇది రాసేనాటికి ఆరు నెలలు, ఏ ఇబ్బందీ లేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి రెండు మూడున్నాయి. విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ ఏదైనా రాసే ముందు బీపీ మాత్ర పేరు చూస్తాను, పేరు చివర "ప్రిల్" ఉంటే ఆ మాత్రో ఈ మాత్రో ఒకటి మారుస్తాను. గుండె నీరసించినవాళ్ళకు సాకుబిట్రిల్ మొదలుపెట్టేటప్పుడు ప్రిల్ మందు ఆపి ముప్పై ఆరు గంటలు ఆగాలన్న నియమం ఎందుకుందో ఇప్పుడు ఎవరికీ చెప్పించుకోనక్కర్లేదు, సాకుబిట్రిల్ మూసేది నెప్రిలైసిన్ అనే ఇంకో తూమును. పెదవి వాచి ఎవరొచ్చినా మొదట దురద సంగతి అడుగుతాను, జవాబు "లేదు" అయితే పెన్ను పక్కన పెట్టి మాత్రల కవర్ అడుగుతాను.

ఆమెకు ఒక అట్టముక్క రాసిచ్చాను, ఎర్ర ఇంకుతో, తెలుగులో: "ఈమెకు పేరు చివర 'ప్రిల్' అని ఉన్న బీపీ మాత్ర ఏదీ ఇవ్వకూడదు. నాలుక వాస్తుంది." పోయిన నెల కోడలు మెడికల్ షాపుకు పోతే కుర్రాడు పాత చీటీ చూసి పాత స్ట్రిప్పే కవర్లో వేశాడట. ఆమె దీపం కింద స్ట్రిప్పు వెనక పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, అట్టముక్క తీసి పక్కన పెట్టి చూసుకుని, అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేసింది.